‘కండక్టర్’ అని నా పేరు బోర్డు మీద పెడతామంటున్నారు, ఒప్పుకోవచ్చా?

శ్రీకాకుళం జిల్లా నుంచి ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు వేయొద్దని కోరారు. ఎనిమిది పేజీల ఉత్తరాన్ని ముఖ్యమైన సంగతులు పోకుండా కుదించి ఇస్తున్నాం.

ఆమెకు 27 ఏళ్లు. బీఎస్సీ పాసయ్యారు. ఐదేళ్లుగా శ్రీకాకుళం పట్టణంలో ఒక ట్రస్టు నడిపే కేంద్రంలో పనిచేస్తున్నారు. అక్కడికి సెరెబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కదలికలు అదుపులో ఉండని స్థితి) ఉన్న పిల్లలు 14 మంది వస్తారు. కేంద్రం కండక్టివ్ ఎడ్యుకేషన్ పద్ధతిలో నడుస్తుంది, అంటే కూర్చోవడం, నిలబడటం, తినడం లాంటివన్నీ పిల్లలకు బృందంగా ఒకే పాఠంలో నేర్పుతారు. ఈ పద్ధతిలో పూర్తి శిక్షణ పొందినవారిని కండక్టర్ అంటారు. విదేశంలో చదివిన ఒక కండక్టర్ రెండు విడతలుగా వచ్చి, మొత్తం మూడు నెలలు దగ్గరుండి నేర్పి వెళ్లారు. అప్పటి నుంచి ఉదయం బృందాన్ని ఈమే నడుపుతున్నారు. అందరితో కలిపి అంకెలు లెక్కపెడుతూ చేయిస్తుంటే లెక్క తప్పుతోందని, ఇంకా అలాంటి చిన్న ప్రశ్నలూ అడిగారు. జీతం నెలకు 11 వేలు. చేతిలో ఉన్నది ట్రస్టు ఇచ్చిన ధ్రువపత్రం ఒక్కటే.

ఇప్పుడు ట్రస్టు రాజాం వైపు రెండో కేంద్రం తెరుస్తోంది. బోర్డు మీద ఈమె పేరు పక్కన ‘కండక్టర్’ అని రాయిస్తామని, జీతం పెంచుతామని, తల్లిదండ్రుల దగ్గర నెలకు ఫీజు తీసుకుంటామని చెప్పారు. కావాలంటే బుడాపెస్ట్ పంపించి చదివిస్తాం, తిరిగొచ్చి ఐదేళ్లు మా దగ్గరే పనిచేస్తానని బాండు రాయమన్నారు. దసరాలోగా జవాబు చెప్పాలి. వారానికి ఒకరోజు వచ్చే ఫిజియోథెరపిస్టు మాత్రం “మీకు అర్హత లేదు, రేపు ఏమైనా అయితే కేసు మీ మీదే” అన్నారు. ఆ మాట ఈమెను నిద్రపోనివ్వడం లేదు. నాన్నగారు ఇదంతా మానేసి డీఎస్సీకి చదవమంటున్నారు. విశాఖలో ఒక సంబంధం చూశారు, వాళ్లు “అది ఉద్యోగమేనా?” అని అడిగారట.

చివరి పేజీలో ఇంకో సంగతి ఉంది. బృందంలో ఒక తల్లి, “మా గుంటడికి మీరింత బాగా సేయిస్తన్నారు గదా, మరి మాత్రలెందుకు తల్లీ?” అని ఫిట్స్ మందు సగానికి తగ్గించేసిందట. ఈమె ఎంత చెప్పినా వినలేదు. “ఈ పని అంటే నాకు ప్రాణం. కానీ ఈ వృత్తికి మన దగ్గర భవిష్యత్తు ఉందా? నేను దేన్ని నమ్ముకోవాలి?” అని అడిగారు.

*

అమ్మా, మీరు చివర రాసిన సంగతితోనే మొదలుపెడతాను. మిగతావన్నీ దసరా దాకా ఆగగలవు, ఇది ఆగదు.

ఫిట్స్ మందు ఉన్నట్టుండి తగ్గించినా మానేసినా ఫిట్స్ ఆగకుండా వచ్చే ప్రమాదం ఉంది. ఐదు నిమిషాలు దాటిన ఫిట్ ప్రాణాపాయం. ఈ ఉత్తరం చదివిన రోజే ఆ తల్లి చేత మందు రాసిన డాక్టరుకు ఫోన్ చేయించండి. మీరు పక్కన కూర్చోండి, వీలైతే పిల్లాడి నాన్ననో నాయనమ్మనో కూడా కూర్చోబెట్టండి. మానేసిన మోతాదులన్నీ ఒక్కసారిగా వేసేయకూడదు. మళ్లీ ఎలా మొదలుపెట్టాలో డాక్టరే చెప్పాలి. అది తేలేదాకా ఆ పిల్లాణ్ని నిలబెట్టే, నడిపించే పనులకు మీరొక్కరే పట్టుకోకండి, రెండో మనిషి ఉండాలి. కేంద్రంలో ఫిట్ వస్తే నేల మీద పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో చెంచా గానీ తాళం చెవి గానీ పెట్టకండి, గడియారం చూడండి, ఐదు నిమిషాలకు చేరుతుంటే 108కి ఫోన్ చేయండి. ఈ నాలుగు మాటలూ గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి.

ఆ తల్లి మూర్ఖంగా చేసిన పని కాదిది. పిల్లాడిలో మార్పు కనబడింది, ఆ ఘనత మీదేనని నమ్మింది. మిమ్మల్ని డాక్టరుగా చూడటం మొదలుపెట్టింది. మీ బోర్డు ప్రశ్న నిజానికి ఇక్కడే ఉంది. పేరు పక్కన ఏ మాట రాస్తే ఆ మాటను బట్టి తల్లులు నిర్ణయాలు తీసుకుంటారు.

ఇక వృత్తి సంగతి. ఇది ఎక్కడ ఎలా నిలబడిందో చూస్తే మన దగ్గర ఎలా నిలబడగలదో తెలుస్తుంది. ఆంద్రాష్ పెటో అనే వైద్యుడు 1945 నుంచి బుడాపెస్ట్‌లో కదలలేని పిల్లలతో ఈ పని మొదలుపెట్టాడు. 1950లో దానికి ప్రభుత్వ సంస్థ ఏర్పడింది. 1967లో ఆయన పోయాక మారియా హారీ దాన్ని నిలబెట్టి, కండక్టర్ల శిక్షణను నాలుగేళ్ల చదువుగా స్థిరపరచింది. ఇప్పుడది సెమ్మెల్‌వైస్ విశ్వవిద్యాలయంలో భాగం. అక్కడ కండక్టర్‌ను ప్రభుత్వం ఉపాధ్యాయురాలిగా గుర్తించింది. జీతం, పింఛను, హోదా అన్నీ ఆ గుర్తింపు నుంచే వచ్చాయి.

బ్రిటన్‌లో కథ వేరు. 1986లో బీబీసీ ఒక డాక్యుమెంటరీ చూపించాక వందలాది కుటుంబాలు పిల్లల్ని ఎత్తుకుని బుడాపెస్ట్ వెళ్లాయి. బర్మింగ్‌హామ్‌లో సంస్థ వెలిసింది, డిగ్రీ కోర్సు వచ్చింది. ఆశ చాలా పెద్దదిగా పెరిగింది. 1993లో అక్కడి ప్రభుత్వం డబ్బుతో చేసిన మదింపులో, ఈ పద్ధతిలో చదివిన పిల్లలు ఇతర ప్రత్యేక పాఠశాలల్లోని పిల్లలకంటే ఎక్కువ ముందుకు వెళ్లలేదని తేలింది. 2004లో సెరెబ్రల్ పాల్సీ మీద పనిచేసే అమెరికన్ అకాడమీ వచ్చిన అధ్యయనాలన్నీ చూసి, అటో ఇటో తేల్చడానికి ఆధారాలు చాలవంది. దీనివల్ల పద్ధతి పనికిరానిదైపోదు. మిగతా మంచి పద్ధతుల కంటే ఇది గొప్పదని చెప్పే హక్కు మాత్రం మనకు లేదు. మీ ట్రస్టు కరపత్రంలో “నడిపిస్తాం” అనే మాట ఉంటే తీయించండి. ఐదేళ్లలో మీరే చూసుంటారు, కొందరు పిల్లలు నడుస్తారు, కొందరు ఎప్పటికీ నడవరు, ఆ నడవని పిల్లలకు కూడా ఈ పని అవసరం.

బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ ఉపాధ్యాయ అర్హత కూడా ఉన్న కండక్టర్లకే బడుల్లో స్థిరమైన చోటు దొరికింది. గ్రాండ్ ర్యాపిడ్స్‌లోని అక్వినాస్ కళాశాల ఈ శిక్షణను ప్రత్యేక ఉపాధ్యాయ అర్హతతోనే కలిపింది. వట్టి కండక్టర్ అనే పేరుతో ఉన్నవాళ్లు విరాళాల మీద, తల్లిదండ్రుల ఫీజుల మీద బతకాల్సి వచ్చింది. విరాళం ఆగిన ఏడాది కేంద్రం ఆగిపోతుంది. మీకు దారి ఈ తేడాలోనే ఉందని నా నమ్మకం.

మన చట్టం ఏమంటుందో చెబుతాను. పునరావాస వృత్తులను నియంత్రించేది భారత పునరావాస మండలి, అంటే ఆర్.సి.ఐ. 1992 చట్టం కింద అది గుర్తించిన వృత్తుల జాబితాలో ప్రత్యేక ఉపాధ్యాయులు ఉన్నారు, సముదాయ ఆధారిత పునరావాస కార్యకర్తలు ఉన్నారు, కండక్టర్ లేడు. నమోదు లేకుండా ఆ గుర్తించిన వృత్తులు చేస్తే ఏడాది దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చని 13వ సెక్షన్ చెబుతుంది. ఫిజియోథెరపీ 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం కిందికి వెళ్లింది. కాబట్టి ఫిజియోథెరపిస్టు గారి మాటలో సగం నిజం ఉంది. మీరు పిల్లలకు పరీక్ష చేసి, చికిత్స నిర్ణయించి, థెరపిస్టునని చెప్పుకుంటే ఇబ్బందే. నమోదైన నిపుణుల పర్యవేక్షణలో సహాయకురాలిగా బృందాన్ని నడపడం వేరు. ఆ పర్యవేక్షణ కాగితం మీద ఉందా అన్నదే అసలు ప్రశ్న.

ఆయన్ను శత్రువుగా చూడకండి. వారానికి ఒకరోజు వస్తున్నారు కదా, ఆ రోజు ప్రతి పిల్లకూ ఒక పేజీ రాయించి సంతకం పెట్టించుకోండి: ఏ కీలు ఎంతవరకు కదపొచ్చు, ఏ భంగిమ వద్దు, కాలికి వేసే స్ప్లింట్ (కాలిని సరైన తీరులో పట్టి ఉంచే తొడుగు) ఎన్ని గంటలు, మళ్లీ ఎప్పుడు చూస్తారు. మూడు నెలలకోసారి ఆ పేజీ మార్చాలి. ఆయన రాయనంటే, కేంద్రానికి ఆ బాధ్యత తీసుకునే మరో నిపుణుణ్ని చూడమని ట్రస్టుకు రాతపూర్వకంగా చెప్పండి. ఆ ఉత్తరం నకలు మీ దగ్గర ఉంచుకోండి.

బోర్డు మీద ‘సెరెబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల అభ్యాస కేంద్రం’ అని రాసుకోవచ్చు. కింద పద్ధతి పేరు రాసుకోవచ్చు. మీ పేరు పక్కన కండక్టర్ అని గానీ థెరపిస్ట్ అని గానీ ఇప్పుడు వద్దు. బృంద నిర్వాహకురాలు అనండి. రెండో కేంద్రానికి ఇంకో సంగతి కూడా ఉంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం ఇలాంటి సంస్థ ఏదైనా నమోదు ధ్రువపత్రం లేకుండా నడపకూడదు. 2022లో జిల్లాలు మారాక రాజాం విజయనగరం జిల్లాలోకి వెళ్లింది. శ్రీకాకుళంలో ఉన్న కాగితం అక్కడ చెల్లుతుందని అనుకోకుండా, విజయనగరంలోని విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ శాఖ కార్యాలయంలో ట్రస్టు అడిగి తేల్చుకోవాలి. ఆ ధ్రువపత్రం చూశాకే మీరు ఆ కేంద్రంలో అడుగుపెట్టండి.

ఫీజు గురించి నాకు గట్టి అభిప్రాయమే ఉంది. ఈ కుటుంబాల్లో చాలామందికి చేతికొచ్చే స్థిరమైన డబ్బు పిల్ల పేరు మీద వచ్చే 6,000 రూపాయల పింఛనే. తండ్రి హైదరాబాదులోనో, గుజరాత్ తీరంలో పడవల మీదో ఉంటాడు. ఫీజుకు పోను బస్సు ఛార్జీలకు మిగలకపోతే పిల్ల రావడం మానేస్తుంది. ట్రస్టు ఫీజు పెట్టేముందు, వచ్చే ప్రతి పిల్లకూ యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు), కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ బీమా ఉన్నాయో లేదో మీరు చూడండి. నిరామయ కింద ఏడాదికి లక్ష రూపాయల దాకా వైద్య ఖర్చులు వస్తాయి, సెరెబ్రల్ పాల్సీ ఉన్నవారికి వర్తిస్తుంది.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం.

ప్రత్యేక విద్యలో బీఈడీ చేయడం ఒకటి. డిగ్రీలో 50 శాతం మార్కులుండాలి, సాధారణంగా రెండేళ్లు. ఏ విభాగం ఎంచుకుంటారన్నది ముఖ్యం. మీ పనికి దగ్గరైనవి బహుళ వైకల్యాలు, మేధో వికాస వైకల్యాలు. మొదటిదానికి చెన్నై దగ్గర ముట్టుకాడులోని జాతీయ సంస్థ, రెండోదానికి సికింద్రాబాదులోని జాతీయ సంస్థ ఉన్నాయి. విశాఖ వైపు కళాశాల ఏదైనా చూస్తే, డబ్బు కట్టేముందు ఆర్.సి.ఐ. వెబ్‌సైట్‌లో ఆ కళాశాలకు, ఆ కోర్సుకు, ఆ విద్యా సంవత్సరానికి అనుమతి ఉందో లేదో మీ కళ్లతో చూసుకోండి. నిరుడు ఉన్న అనుమతి ఈ ఏడు ఉండకపోవచ్చు. అనుమతి లేని చోట చదివితే నమోదు సంఖ్య రాదు, రెండేళ్లూ వృథా. పాసయ్యాక నమోదు సంఖ్య తీసుకోవాలి, దాన్ని ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. మధ్యలో ఆర్.సి.ఐ. గుర్తించిన శిక్షణలకు హాజరైన పాయింట్లు చూపించాలి.

నాన్నగారి డీఎస్సీ కోరికకు కూడా ఈ దారి అడ్డు కాదు. సుప్రీంకోర్టు రజనీశ్ కుమార్ పాండే కేసులో ప్రత్యేక ఉపాధ్యాయుల కొరతను పట్టించుకున్నాక, ప్రాథమిక స్థాయిలో ప్రత్యేక అవసరాలున్న 10 మంది పిల్లలకు ఒకరు, ఆపై స్థాయిలో 15 మందికి ఒకరు ఉండాలన్న నిష్పత్తి వచ్చింది. 2025 మార్చిలో కోర్టు రాష్ట్రాలన్నిటినీ పోస్టులు ప్రకటించమంది, మన రాష్ట్రంలో 2,260 ప్రత్యేక ఉపాధ్యాయ పోస్టులు మంజూరయ్యాయి. టెట్‌లో ప్రత్యేక విద్యకు పేపర్ 1-బి, 2-బి వేరుగా ఉన్నాయి. సంబంధం వాళ్లడిగిన ప్రశ్నకు కూడా జవాబు ఇదే.

ఈ దారిలో నష్టం లేదా అంటే ఉంది. రెండేళ్లు ఉదయం బృందం మీ చేతుల్లో ఉండదు. బీఈడీలో కాగితాల చదువు ఎక్కువ, మీ చేతులకు వచ్చిన పని గురించి పాఠం చాలా తక్కువ. ఉద్యోగం వచ్చాక ఒక బడిలో అన్ని రకాల పిల్లలూ ఉంటారు, మీకు నచ్చిన బృందం మాదిరి ఉండదు. అయినా సహిత విద్య (అందరు పిల్లలనూ కలిపి చదివించే పథకం) కింద ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలాల్లో ఉన్న భవిత కేంద్రాలను చూడండి. అక్కడ పిల్లలున్నారు, గది ఉంది, రిసోర్స్ టీచర్ ఉంటారు, ఫిజియోథెరపిస్టు అప్పుడప్పుడు వస్తారు. మిగిలిన రోజుల్లో పిల్లకు తినడం, కూర్చోవడం, పలక పట్టుకోవడం, లేచి నిలబడటం అన్నీ ఒకే పాఠంగా నేర్పేవాళ్లు లేరు. ఆ ఖాళీ కండక్టివ్ ఎడ్యుకేషన్ కోసమే ఉన్నట్టుంటుంది. ప్రతి మండలానికీ ఫిజియో, ఆక్యుపేషనల్ థెరపిస్టు, స్పీచ్ థెరపిస్టు ముగ్గురూ రావడం దగ్గర్లో జరిగేది కాదు. పిల్ల రోజు మొత్తాన్నీ ఒకరే ఒక వరసలో చూడగలిగే నైపుణ్యానికి మన ఉత్తరాంధ్రలో ఉన్నంత అవసరం ఇంకెక్కడుంటుంది? అందుకే ఈ పనికి భవిష్యత్తు ఉందంటాను. ఆ పేరుతో ఉద్యోగం మాత్రం మీరు 40 ఏళ్లకు చేరేలోగా రాకపోవచ్చు.

బుడాపెస్ట్ దారిని కొట్టిపారేయను. ఈ పనిని వేర్ల దాకా నేర్చుకునే చోటు అది. అయితే నాలుగేళ్లు పడుతుంది, తిరిగొచ్చేసరికి మీకు 31 దాటతాయి. ఆపైన ఐదేళ్ల బాండు. వచ్చాక ఆ డిగ్రీతో ఇక్కడ ఆర్.సి.ఐ. నమోదు దానంతటది రాదు, జాబితాలో ఆ వృత్తే లేదు కదా. అంటే ప్రభుత్వ ఉద్యోగానికి మళ్లీ బీఈడీ చేయాల్సిందే. వెళ్లాలని గట్టిగా ఉంటే ట్రస్టును, విశ్వవిద్యాలయాన్ని కొన్ని అడగండి. పాఠాలు ఏ భాషలో చెబుతారు, పిల్లలతో అభ్యాసం ఏ భాషలో చేయాలి? ట్రస్టు ఫీజు ఒక్కటే కడుతుందా, నాలుగేళ్ల బస కూడానా? మూడో ఏడు ట్రస్టు దగ్గర డబ్బు అయిపోతే? బాండు మధ్యలో మానేస్తే కట్టాల్సిన మొత్తం ప్రతి ఏడూ తగ్గుతుందా? తిరిగొచ్చాక జీతం ఎంతో ఇప్పుడే రాసిస్తారా? అసలు ధ్రువపత్రాలు ఎవరికీ అప్పగించకండి, బాండును సంతకానికి ముందు వకీలుకు చూపించండి. బీఈడీ ముందు చేసి, ఉద్యోగంలో స్థిరపడి, తర్వాత కొద్ది నెలల శిక్షణకు వెళ్లడం మీ వయసుకు, మీ ఇంటి పరిస్థితికి బాగా సరిపోతుందని నాకనిపిస్తోంది. కానీ వెళ్లకపోతే జీవితాంతం బాధపడతానని మీకు తెలిస్తే, ఆ మాటకు ఉన్న బరువు మీకే తెలుసు.

ఉన్నచోటే ఉండిపోవడం ఇంకో దారి. పిల్లలకు మీరు దొరుకుతారు, మీ చేతులు ఇంకా పదునెక్కుతాయి. అర్హత లేకుండా గడిచే ప్రతి ఏడూ బాధ్యత పెరుగుతుంది, రక్షణ పెరగదు. ఈ దారి పట్టేట్టయితే కనీసం పర్యవేక్షణ కాగితాలు లేకుండా వద్దు.

ఏ దారి పట్టినా రేపటి నుంచి చేయగలిగిన పని ఒకటుంది. వృత్తి అనేది మొదట మనం రాసిపెట్టుకునే లెక్కల్లో పుడుతుంది. మీ ఉత్తరంలో పిల్లలు “బాగా మెరుగయ్యారు” అని మూడుసార్లు రాశారు. ఎంత మెరుగయ్యారో ఒక్కచోటా లేదు. ప్రతి పిల్లకూ మూడు నెలలకు రెండే లక్ష్యాలు పెట్టుకోండి, చూసి కొలవగలిగేవిగా. ‘బల్ల అంచున పాదాలు నేలకు ఆనించి, రెండు చేతులతో ముందున్న చెక్క పట్టీ పట్టుకుని 30 సెకన్లు కూర్చోవడం’ లక్ష్యం అవుతుంది. ‘కూర్చోవడం మెరుగవడం’ అవదు. అనుకున్నది సరిగ్గా జరిగితే సున్నా, కొంచెం ఎక్కువైతే +1, చాలా ఎక్కువైతే +2, తక్కువైతే -1, మొదలుపెట్టిన చోటే ఉంటే -2 వేయండి. ఆ ఐదు మెట్లలో ఏది ఎలా ఉంటుందో మొదటి రోజే రాసుకోవాలి, మూడు నెలలయ్యాక రాస్తే మనసు పిల్ల పక్కకు మొగ్గుతుంది. తల్లి రాతపూర్వక అనుమతితో అదే చోటు, అదే బల్ల, అదే కోణంలో రెండు నిమిషాల వీడియో తీయండి. ఫోనును ఒకే ఎత్తులో స్టాండు మీద పెట్టండి. నాట్ల కాలంలో, కోతల కాలంలో రాని రోజులూ రాయండి. పిల్ల వెనక్కి వెళ్లినప్పుడు కారణం పద్ధతిలో ఉందా, రాకపోవడంలో ఉందా అప్పుడు తెలుస్తుంది.

బృందం విషయంలో మీరడిగిన చిన్న ప్రశ్నలకు కూడా చెబుతాను. 14 మందినీ ఒకే బృందంగా కూర్చోబెట్టడం వల్లే మీకు లెక్క తప్పుతోంది. ఒక బృందానికి ఆరుగురు, మహా అయితే ఎనిమిది మంది చాలు, కదలికలో దగ్గర దగ్గరగా ఉన్నవాళ్లు. పట్టుకుని నిలబడగలిగే పిల్లనూ, తల నిలపలేని పిల్లనూ ఒకే వరసలో పెడితే ఒకరు విసుగుతో, ఒకరు ఓటమితో ఇంటికి వెళతారు. పిల్లలు “నేను చేతులు ముందుకు చాపుతున్నాను” అని చెప్పి, ఒకటి నుంచి ఐదు దాకా లెక్కపెడుతూ చేయాలి కదా. ఇక్కడ ఎక్కువగా జరిగే తప్పు, లెక్క పెద్దవాళ్ల వేగంతో సాగడం. బిగుసుకుపోయే పిల్లకు కండరం వదలడానికి సమయం కావాలి, అంకెలు సాగదీయండి. తనంతట తాను కదిలిపోతుండే చేతులున్న పిల్లకు ముందు పట్టు కావాలి, ఒక చేయి పట్టీని గట్టిగా పట్టుకున్నాకే రెండో చేతితో పని. మాట రాని పిల్ల కళ్లతోనో శబ్దంతోనో లెక్కలో కలవాలి, ఆమె కోసం లెక్క ఆగాలి. ఇంకో తప్పు, సహాయం చేసేవాళ్లు నాలుగో అంకెకే పిల్ల చేతిని లాగేయడం. ఐదు దాకా ఆగండి. అప్పటికీ కదలకపోతే మోచేతి దగ్గర మీ చేయి ఆన్చండి, లాగకండి. చంకల్లో చేతులు పెట్టి ఎత్తి నిలబెట్టడం పూర్తిగా మానిపించండి. పాదాలు వెనక్కి జరిపి, ముందుకు వంగి, పట్టీ పట్టుకుని లేవడం నేర్పాలి.

ఈ పద్ధతిలో వాడే, చెక్క పట్టీలు పేర్చి చేసిన బల్లలు బుడాపెస్ట్ నుంచి రానక్కరలేదు, ఊరి వడ్రంగి చేయగలడు. పట్టీల మధ్య సందు పిల్ల వేళ్లు చుట్టూ తిరిగి పట్టు దొరికేంత ఉండాలి, మోకాలో మడమో ఇరుక్కునేంత ఉండకూడదు. అంచులన్నీ గుండ్రంగా చెక్కించాలి, మర మేకుల తలలు చెక్కలోకి దిగాలి. వీపు నిచ్చెన మెట్లలా ఉండే కుర్చీ కర్ర చుట్టుకొలత చిన్న చేతికి సరిపోవాలి, కుర్చీ అడుగుభాగం వెడల్పుగా ఉండాలి. పిల్ల పట్టుకునేముందు మీరు మీ బరువు దాని మీద వాల్చి చూడండి, తూలితే అడుగుభాగం వెడల్పు పెంచాలి. కూర్చున్నప్పుడు మోకాలు లంబకోణంలో ఉండి పాదం మొత్తం నేలకు ఆనాలి. పొట్టి పిల్లలకు కాళ్ల కింద ఇటుకో చెక్కో పెట్టండి. ఇంట్లో నులక మంచం మధ్యలో కూర్చోబెట్టొద్దని తల్లులకు చెప్పండి, నడుము వెనక్కి జారిపోతుంది. గోడ మూల దగ్గర పీట మంచిది. చోడి అంబలి తాగించేటప్పుడు తల వెనక్కి వాల్చి పోయకూడదు. తాగాక గొంతు తడిగా గరగరమన్నా, దగ్గు వచ్చినా, తరచూ న్యుమోనియా వస్తున్నా అది మీరు కసరత్తుతో సరిచేసేది కాదు, డాక్టరు చూడాలి.

తుంటి సంగతి మీ ఉత్తరంలో అసలు లేదు, అందుకే అడుగుతున్నాను. సెరెబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల్లో మూడింట ఒక వంతుకు పైగా తుంటి పక్కకు జరుగుతుంది. స్వయంగా నడిచేవాళ్లలో అరుదు, పూర్తిగా ఎత్తుకుని తిప్పే పిల్లల్లో నూటికి తొంభై దాకా. మొదట్లో నొప్పి ఉండదు, అందుకే తెలియదు. మీ 14 మందిలో నడవలేని ప్రతి పిల్లకూ తుంటి భాగానికి ముందు నుంచి తీసిన ఎక్స్‌రే ఉందా? తొడ ఎముక తల గూట్లోంచి 30 శాతం దాటి బయటికి వచ్చిందని చదివితే ఎముకల డాక్టరుకు పంపాలి. తొడలు విడదీయడం కష్టమైనా, ఒక కాలు పొట్టిగా కనబడినా, బట్టలు మారుస్తుంటే ఏడ్చినా ఆగకుండా చూపించాలి. జిల్లా ప్రభుత్వ ఆసుపత్రి దగ్గర తేలకపోతే, ఆమదాలవలసలో రైలెక్కితే కటక్ చేరొచ్చు. అక్కడికి దగ్గర్లో ఓలట్‌పూర్‌లో స్వామి వివేకానంద జాతీయ పునరావాస సంస్థ ఉంది, శస్త్రచికిత్సలు, కాలి స్ప్లింట్లు రెండూ అక్కడ దొరుకుతాయి.

సంబంధం గురించి నేను ఎక్కువ చెప్పను. బీఈడీలో చేరాలని మీరు అనుకుంటే ఆ మాట నిశ్చితార్థానికి ముందే, రెండేళ్లు అనే లెక్కతో సహా, అబ్బాయితో మీరే చెప్పండి. నాన్నగారి ద్వారా వద్దు.

ట్రస్టుకు దసరాలోగా చెప్పాల్సిన జవాబు అవునో కాదో అనే రెండు ముక్కలే కానక్కరలేదు. మీరే ఒక ప్రతిపాదన పెట్టొచ్చు: రెండో కేంద్రానికి నమోదైన ప్రత్యేక ఉపాధ్యాయుడినో ఫిజియోథెరపిస్టునో తీసుకోండి, నేను వారానికి రెండు రోజులు బృందం నడపడం నేర్పుతాను, బుడాపెస్ట్‌కు పెట్టే డబ్బులో కొంత నా బీఈడీకి ఇవ్వండి, బాండు రెండేళ్లకు కుదించండి. వాళ్లు ఒప్పుకుంటే అన్నీ కాగితం మీద రాయించుకోండి. ఒప్పుకోకుండా ముందు బోర్డు కట్టేద్దాం, తర్వాత చూద్దాం అంటే, పాత కేంద్రంలో మీ పిల్లలతో కొనసాగుతూ బీఈడీ ప్రవేశ ప్రకటన కోసం ఎదురుచూడండి. ఈలోగా ఆ తుంటి ఎక్స్‌రేలు పూర్తి చేయించండి.